మా ఆయనకొచ్చిన నెత్తుటి మార్కులు

అరవైకి దగ్గరపడ్డ ఇద్దరు షుగరు మనుషులు వరిమడిలో దొర్లుతూ కొట్టుకోవడం మీరెప్పుడైనా చూశారా? నేను చూశాను. వాళ్ళలో ఒకాయన నా మొగుడు ధనుంజయరావు. రెండో ఆయన పక్క చేను శివరామయ్య, వరసకి నాకు అన్నయ్య, మా ఆయనకి బావ. రెండు మళ్ళ మధ్య గట్టుని ఎవరు చెక్కేశారన్నది తగాదా. ఆ గట్టు మీద ఒక మేక నిలబడితే రెండో మేక దిగిపోవాలి, అంత వెడల్పు దానిది.

నేను అన్నం క్యారేజీ పట్టుకుని "సిగ్గులేదంటయ్యా మీకు" అని అరుస్తూనే ఉన్నాను. వింటేగా! ముందు ఒకరి జుట్టు ఒకరు పట్టుకుందామని చూశారు. ఇద్దరిదీ బట్టతలే కాబట్టి ఆ ముచ్చట తీరలేదు. తర్వాత చొక్కాలు పట్టుకున్నారు, ఆ పట్టు మీదే ఇద్దరూ కలిసి పడ్డారు. మా ఆయన మోచెయ్యి చెక్కుకుపోయింది. అన్నయ్య మోకాలు చీరుకుపోయింది. చెరో గుక్కెడు బురదనీళ్ళు తాగారు. విడదీయడానికి ఎవరూ రాకపోయేసరికి కాసేపటికి వాళ్ళే ఆయాసపడుతూ లేచి చెరో దారినా ఇళ్ళకి పోయారు. పల్నాడులో కొట్లాటలు తగ్గాలంటే ముందు విడదీసేవాళ్ళు ఇంట్లో కూర్చోవాలని నాకు అప్పుడే అనిపించింది.

వారం తిరిగేసరికి మా ఆయనకి చలిజ్వరం పట్టుకుంది. ఊళ్ళో ఆర్‌ఎంపీ డాక్టరు సెలైను ఎక్కించి, సూది పొడిచి, "వైరల్" అన్నాడు. ఏ జ్వరానికైనా ఆయన ఆ మాటే అంటాడు. మర్నాటికి మనిషికి మాట తడబడింది, ఒంటేలు ఆగిపోయింది, కళ్ళు తేలేశాడు. కారులో వేసుకుని గుంటూరు ఆసుపత్రికి తీసుకుపోతే, ఐసీయూ బయట నేల మీద వాసంతి వదిన కూర్చుని ఉంది. శివరామయ్యన్నయ్య పెళ్ళాం.

"నువ్వూ వచ్చావా వదినా?" అంది, ఏదో పేరంటానికి వచ్చినట్టు.

లోపల పక్కపక్క మంచాలు. మధ్యలో గట్టయినా లేదు.

ఆ వార్డులో మిస్బా అని ఒక చిన్న డాక్టరమ్మ ఉండేది. మాచర్లలో మోటారు మెకానిక్ జమీర్ గారి కూతురట. వాళ్ళిద్దరి మంచాల మధ్యా నిలబడి "పెదనాన్నా, ఈ మధ్య బురదలో దిగారా? దెబ్బలేమన్నా తగిలినయ్యా?" అని అడిగింది. మా ఆయన మొహం మీది ఆక్సిజన్ మాస్కు పక్కకి లాగి మరీ "కాలు జారింది" అన్నాడు. అటు తిరిగి అడిగితే అన్నయ్య కూడా "కాలు జారింది" అన్నాడు. పోలీసు కేసవుతుందన్న భయం కొంత ఉంది. అవతలివాడు నన్ను పడేశాడని ఒప్పుకోవాల్సి వస్తుందన్న భయం అంతకంటే ఎక్కువ ఉంది. ఈ మగాళ్ళు ప్రాణమైనా వదులుతారు గానీ పడ్డామని ఒప్పుకోరు. నాకు ఒళ్ళు మండి, ఆ అమ్మాయిని వరండాలోకి లాక్కెళ్ళి గట్టు దగ్గర్నుంచి బురదనీళ్ళ దాకా మొత్తం చెప్పేశాను. ఆ అమ్మాయి నవ్వలేదు. గబగబా ల్యాబ్‌కి ఫోన్ చేసింది.

మూడోనాడు నన్నూ వదిననీ కూర్చోబెట్టి చెప్పింది.

"ఆంటీ, ఇది మెలియాయిడోసిస్. ఈ పురుగు బురదలో, మళ్ళల్లో నీళ్ళలో ఉంటది. షుగరున్నోళ్ళంటే దానికి చానా ఇష్టం. గాయంలోంచి రక్తంలోకి దిగింది. ఇట్టా రక్తం దాకా పోయి ఒళ్ళంతా అతలాకుతలమైతే సెప్సిస్ అంటాం. పురుగు చేసే నష్టం కొంతయితే, దాన్ని తరమబోయి మన ఒళ్ళు మనకి చేసుకునే నష్టం ఇంకొంత."

"ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టా?" అన్నాను.

"అచ్చం అంతే ఆంటీ."

మా ఆయన బుద్ధి తెలిసినదాన్ని, ఆయన ఒంటికి కూడా అదే బుద్ధి ఉండటంలో నాకు వింతేమీ కనిపించలేదు.

ఎట్లాగో బతికారు. వాళ్ళకి సూదిమందు ఎక్కుతున్నన్నాళ్ళూ నేనూ వదినా ఒక క్యారేజీలో తిన్నాం, ఒక చాప మీద పడుకున్నాం, ఒకరి మొగుణ్ణి ఒకరం తిట్టుకున్నాం. అంత హాయిగా నేను ఎవరితోనూ ఉండలేదు. ఇంటికి పంపేటప్పుడు మిస్బా మరీ మరీ చెప్పింది. పురుగు ఒంట్లో ఎక్కడో నక్కి ఉంటుందట, బిళ్ళలు నెలల తరబడి వేసుకోవాలట, ఒంట్లో బాగుందని మధ్యలో మానేస్తే తిరగబెడుతుందట. ఇద్దరూ బుద్ధిమంతుల్లా తలలూపారు. ఊరికొచ్చాక మళ్ళీ మొహాలు చూసుకుంటే ఒట్టు.

అక్కడితో అయిపోతే ఈ కథే లేదు. మిస్బా వాళ్ళు ఒక పరిశోధన చేస్తున్నారు. సెప్సిస్ వచ్చి బతికినవాళ్ళ రక్తంలో ఆ పురుగుని పట్టుకునే యాంటీబాడీలు ఎన్ని పుట్టాయి, ఎన్నాళ్ళుంటాయి అని. కొందరిలో బోలెడు పుడతాయట, కొందరిలో అంత జబ్బు చేసినా అసలు పుట్టినట్టే ఉండవట. అందుకని నెలకోసారి ఇద్దర్నీ పిలిచి రక్తం తీసుకునేది. పిచ్చిపిల్ల, ఫోన్‌లో మా ఆయన ప్రాణం తోడేస్తుంటే తట్టుకోలేక ఆయన నంబరు ఆయనకి చెప్పింది. పన్నెండు వందల ఎనభై.

మా వైపు మగవాళ్ళకి కొలవడానికి ఏదన్నా దొరికితే చాలు. కోటప్పకొండ తిరనాళ్ళకి కట్టే ప్రభ ఎత్తు దగ్గర్నుంచి మిరపచేల్లో పడ్డ వాన దాకా ఎవరిదెంత అని చూసుకోవాల్సిందే. మా ఆయన తెల్లారి బాజీ టీకొట్టు దగ్గరికి వెళ్ళి, ఎవరూ అడక్కుండానే, తన నెత్తుట్లో పన్నెండు వందల ఎనభై ఉన్నాయని ప్రకటించాడు. ఏమున్నాయో అక్కడ ఎవరికీ తెలియదు, ఆయనకీ తెలియదు. అయినా అందరూ "అబ్బో" అన్నారు.

ఆ పూటే శివరామయ్యన్నయ్య కూడా అక్కడికి వచ్చాడు. మిస్బాని అడిగి తన నంబరూ తెలుసుకుని ఉన్నాడు. మీసం మీద చెయ్యేసి "నాది నలభయ్యే" అన్నాడు. పాపం, ఆయన లెక్క వేరు. షుగరు ఎంత తక్కువుంటే అంత మంచిది, బీపీ తక్కువుంటే మంచిది, అలాగే ఇదీ అనుకున్నాడు. నలభై కాబట్టి తనే గెలిచాననుకుని వచ్చాడు.

టీకొట్టు దగ్గర పెద్ద వాదం నడిచింది. ఇది షుగరు లాంటిదా, పదో తరగతి మార్కుల లాంటిదా అని. చివరికి బాజీ గ్లాసులు కడుగుతూనే తీర్పు చెప్పాడు. "కరోనా అప్పుడు నరసరావుపేటలో మా బామ్మర్ది ఈ యాంటీబాడీలే చూపించుకున్నాడన్నా. ఎక్కువుంటేనే మంచిదన్నారు." దాంతో కేసు తేలిపోయింది. మా ఆయన ఫస్టు క్లాసు, అన్నయ్య ఫెయిలు. ఆ రోజు నుంచి ఊళ్ళో పిల్లకాయలు కూడా ఆయన్ని "నలభై మామా" అనడం మొదలుపెట్టారు. అన్నయ్య టీకొట్టు వైపు రావడం మానేశాడు. మునగాకు, కోడిగుడ్లు తిని నంబరు పెంచుకుందామని తంటాలు పడుతున్నాడని వదిన పెరటిగోడ మీంచి చెప్పి కళ్ళు తుడుచుకుంది. భయం కొద్దీ బిళ్ళ మాత్రం ఒక్క పూట తప్పేవాడు కాడట.

మా ఆయనకి ఆ భయం లేదు. ఆ సంగతి నాకెట్లా తెలిసిందంటే, ఒక పొద్దున బర్రెకి కుడితి కలుపుతుంటే తొట్టి అడుగున తెల్లగా ఉబ్బిన బిళ్ళలు చేతికి తగిలాయి. నా ఎదుట నోట్లో వేసుకోవడం, దొడ్లోకి పోయి తొట్లో ఉమ్మెయ్యడం. ఎన్నాళ్ళ నుంచో దేవుడికెరుక. బర్రె మాత్రం ఏ జబ్బూ లేకుండా నిగనిగలాడుతోంది.

"ఇదేం పనయ్యా?" అని తొట్టి దగ్గరికి లాక్కొచ్చి అడిగాను.

"అవి మింగితే వాంతికొస్తందే. అయినా పన్నెండు వందల ఎనభై మంది కాపలా ఉంటే ఇంక బిళ్ళలెందుకు? పెళ్ళి భోజనం తినొచ్చినోడు ఇంటికొచ్చి చద్దన్నం తింటాడా?"

"చద్దన్నం తిననోడి పెళ్ళాం నాలాగే మెడికల్ షాపుల చుట్టూ తిరుగుద్ది" అన్నాను. ఆ పూట నుంచి ఎదురుగా కూర్చోబెట్టి, నోరు తెరిపించి, నాలుక ఎత్తించి మరీ చూశాను. కానీ జరగాల్సిన నష్టం అప్పటికే జరిగిపోయింది.

తిరనాళ్ళు వెళ్ళిపోయాయి. ఎండ ముదిరింది. ఊరంతా పంచెలు మోకాళ్ళ పైకి ఎగగట్టుకుని తిరుగుతుంటే మా ఆయన స్వెట్టరు వేసుకున్నాడు. అడిగితే "గాలి చల్లగుంది" అన్నాడు. దొడ్లోకి పోతే ఎంతసేపటికీ రాడు. వచ్చినా పళ్ళు బిగబట్టి వస్తాడు. దగ్గరికి పోయి నుదుటి మీద చెయ్యి వేస్తే అట్లపెనం మీద వేసినట్టుంది. జ్వరంబిళ్ళలు దిండు కింద దాచి, నాకు తెలియకుండా మింగుతున్నాడు. మింగాల్సినవి ఉమ్మేసి, ఇవి మింగుతున్నాడు.

నేను మిస్బాకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను.

"మా ఆయనది పెద్ద నంబరు గదమ్మా, ఆయనకెందుకు వస్తది మళ్ళీ?" అన్నాను. నాలోనూ ఆ టీకొట్టు సైన్సు ఎక్కడో ఉన్నట్టుంది.

"అయ్యో ఆంటీ, అవి మార్కులు కాదు. ఆ పురుగుని ఆయన ఒళ్ళు బాగా గుర్తుపట్టిందని చెప్తది ఆ నంబరు, అంతే. పురుగు పోయిందని చెప్పదు. ఇంకా లోపల కూర్చుని ఉండొచ్చు. ఒంటేలు కూడా కష్టమైతందంటే ఎక్కడో చీము పట్టినట్టుంది. మళ్ళీ రక్తంలోకి దిగితే పోయినసారిలాగా టైమివ్వదు. ఇయ్యాళే తీసుకురండి, రేపనొద్దు."

"మరి అన్నయ్యది నలభయ్యేగా?"

"కొందరికి తక్కువే పుడతయ్. ఎందుకో మాకూ సరిగ్గా తెలీదు, అందుకే గదా రక్తం తీసుకుంటంది. ఆయన బిళ్ళలు వేసుకుంటన్నాడు, బాగున్నాడు. నాకు అంకుల్ గురించే భయంగా ఉంది."

ఫోన్ పెట్టేసి మా ఆయన కాళ్ళ దగ్గర కూర్చున్నాను. మిస్బా చెప్పిన ప్రతి మాటా చెప్పాను. ఆయన గోడ వైపు తిరిగాడు.

"నేను రాను."

"చస్తావయ్యా."

"ఆ నలభై గాడు చేలో మందు కొట్టుకుంటా తిరుగుతుంటే, పన్నెండు వందల ఎనభై వాణ్ణి నేను పోయి ఆసుపత్రిలో పడుకోవాలా? బాజీ కొట్టు కాడ నా మొహం ఎక్కడ పెట్టుకోను? ఊరంతా నవ్వరా?"

"నవ్వితే నవ్వనీ. ఏడవటం కంటే నయమేగా!"

దుప్పటి లోపల వణుకుతున్న మనిషిని చూస్తుంటే నాకు కోపమొచ్చింది, జాలేసింది, కొట్టాలనిపించింది. పదిమందిని పిలిచి కట్టేసి తీసుకుపోవచ్చు. కానీ దారిలో దిగి పారిపోయే రకం. ఆ రోజు దాటితే మనిషి దక్కడని నాకు తెలుస్తూనే ఉంది. ఇంక ఆలోచించకుండా వీధిలోంచే, అందరూ చూస్తుండగానే, శివరామయ్యన్నయ్య ఇంటికి వెళ్ళాను.

ఆయన అరుగు మీద కూర్చుని మునగాకు దూస్తున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. ఉన్నదున్నట్టు చెప్పాను. తొట్లో బిళ్ళల సంగతి, స్వెట్టరు సంగతి, మిస్బా అన్న మాట, మా ఆయన అన్న మాట. "నలభై గాడు" అన్నది కూడా దాచలేదు. చెప్తూ చెప్తూ ఏడ్చేశాను.

"నువ్వెళ్ళి తీసుకురావయ్యా" అంది వదిన.

"నేను పోయి రమ్మంటే చచ్చినా రాడే. నాకు తెలవదా వాడి సంగతి?" అన్నాడు అన్నయ్య. చేతిలో మునగాకు అరుగు మీద పెట్టాడు. తర్వాత లోపలికి వెళ్ళాడు. బయటికి వచ్చేసరికి తల మీద మంకీ క్యాపు, ఒంటి నిండా చలికాలం రగ్గు.

"డ్రైవరు యోహానుని కారు తీసుకుని చెల్లెమ్మ వాళ్ళింటి కాడికి రమ్మను" అని వదినకి చెప్పి నాతో "పద చెల్లెమ్మా" అన్నాడు.

మా ఇంటికి దొడ్డిదారిన రావచ్చు. ఆయన మా కిటికీలోంచి కనపడే బజారు దారి పట్టాడు. మిట్టమధ్యాహ్నం ఎండలో, రగ్గు కప్పుకుని, దగ్గుకుంటూ, బాజీ కొట్టు ముందు నుంచే నడిచాడు. బల్లల మీదున్నవాళ్ళు లేచి చూశారు. "ఏంది మామా, మళ్ళీ వచ్చిందా?" అన్నారు ఎవరో. "వచ్చిందిరా. నలభయ్యేగా నాది" అన్నాడు. వెనక నవ్వులు వినపడ్డాయి. ఆయన తల ఎత్తలేదు. నేను సిగ్గుతో వెనకపడ్డాను, ఆయన మాత్రం ఆగలేదు.

మా వాకిట్లోకి వచ్చి, గుమ్మంలో మంచానికి ఎదురుగా నిలబడ్డాడు. కొట్లాట తర్వాత వాళ్ళు మాట్లాడుకోవడం అదే మొదటిసారి.

"బావా, నాకు జ్వరం తిరగబెట్టింది. ఒక్కణ్ణే గుంటూరు పోవాలంటే భయంగా ఉంది. ఆడోళ్ళతో ఏమవుద్ది? నువ్వు తోడు రా."

మా ఆయన ఆ రగ్గుని ఎగాదిగా చూశాడు. తర్వాత మెల్లిగా మోచేతుల మీద లేచాడు. "చొక్కా ఇయ్యవే" అన్నాడు నాతో. గుండీలు పెట్టుకోవడానికి వేళ్ళు సహకరించలేదు, నేనే పెట్టాను. "నేనప్పుడే అన్లా, వీడి వల్ల గాదని" అంటూ అన్నయ్య భుజం మీద చెయ్యి వేశాడు. చూసేవాళ్ళకి ఆయనే అన్నయ్యని నడిపిస్తున్నట్టుంటుంది. నిజానికి ఆయన బరువంతా అన్నయ్యే మోస్తున్నాడు. యోహాను డోరు తీసి పట్టుకుంటే ఒకరి మీద ఒకరు పడుతూ ఎక్కారు. సత్తెనపల్లి దాటేసరికి మా ఆయన నా ఒళ్ళో తల పెట్టి మూలగడం మొదలుపెట్టాడు. ముందు సీట్లో అన్నయ్య రగ్గు లోపల చెమటతో తడిసి ముద్దయ్యాడు గానీ, దాన్ని తియ్యలేదు.

ఆసుపత్రిలో మిస్బా ఇద్దరికీ జ్వరం చూసింది. అన్నయ్యకి లేదు. ఆ అమ్మాయి ఏదో అనబోయి, నా మొహం చూసి ఆగిపోయింది. మా ఆయన్ని మాత్రం పరుగుల మీద స్కానింగుకి తీసుకుపోయారు. ప్రోస్టేటులో చీముగడ్డ. ఎక్కడుంటుందమ్మా అది అంటే, మూత్రాశయం కింద, మగాళ్ళకే ఉంటుంది ఆంటీ, తెలుగులో పౌరుష గ్రంథి అంటారు అంది. అంత ఏడుపులోనూ నాకు నవ్వొచ్చింది. ఆయనకి చీము అక్కడ కాక ఇంకెక్కడ పడుతుంది?

చీము తీశారు. సూదిమందులు మళ్ళీ మొదలుపెట్టారు. ఆ పురుగు అప్పుడప్పుడే రక్తంలోకి దిగుతోందట. "ఇంకొక్క రోజు ఆగుంటే నేను చెయ్యగలిగింది ఏం ఉండేది కాదు ఆంటీ" అంది మిస్బా. ఆ మాట విన్నాక నేను బాత్రూంలోకి వెళ్ళి తలుపేసుకుని, పైటచెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

జ్వరం దిగి, మనిషి తెప్పరిల్లి, కాఫీ అడిగిన రోజున ఇంక నాకు కడుపులో ఆగలేదు. ఆయన పొగరు అణచాలని కూడా ఉంది, నిజమే చెబుతున్నాను. మంచం పక్కన కూర్చుని "ఒక మాట చెప్తా విను. అన్నయ్యకి జ్వరమూ లేదు, ఏమీ లేదు. నిన్ను కదిలించడానికి ఊళ్ళో నవ్వుల పాలయ్యాడు" అన్నాను.

"తెలుసే" అన్నాడు.

నేను స్టూలు ఇంకా దగ్గరికి లాక్కున్నాను.

"ఎప్పుడు తెలిసింది?"

"ఆ రగ్గులో చూడంగానే అనుమానం తగిలింది. భుజమ్మీద చెయ్యేశాక తేలిపోయింది. నా చెయ్యి కాలిపోతంది, వాడి మెడ చల్లగా ఉంది."

"మరి తెలిసీ ఎందుకొచ్చావయ్యా? నేను కాళ్ళు పట్టుకుంటే రాలేదే!"

ఆయన కిటికీ వైపు చూస్తూ చెప్పాడు. "వాడు బజారు దారిన వచ్చాడే. కిటికీలోంచి చూశా. దొడ్డిదారి ఉంది గదా, అట్టా రాలా. బాజీ కొట్టు ముందు నించి, ఆ రగ్గేసుకుని, అందరూ నవ్వుతుంటే తల దించుకుని వచ్చాడు. శివరాముడు తల దించటం పుట్టాక నేను చూళ్ళా. అంత పని చేసి వాకిట్లో నిలబడ్డాక కూడా నేను మంచం దిగకపోతే, ఇంక నేనేం మనిషినే?"

కళ్ళనీళ్ళు చెవుల్లోకి కారుతుంటే తుడుచుకోలేదు. నేనే పైటచెంగుతో తుడిచాను.

"నాకు తెలుసని వాడికి చెప్పమాక" అన్నాడు.

అప్పుడే తలుపు తోసుకుని అన్నయ్య వచ్చాడు, ఒక చేతిలో ఇడ్లీ పొట్లం, రెండో చేతిలో కొబ్బరిబోండాం. గుమ్మంలో గుర్తొచ్చినట్టుంది, రెండుసార్లు గట్టిగా దగ్గాడు. మా ఆయన నా వైపు చూడకుండా, చాలా గంభీరంగా అడిగాడు.

"జ్వరం ఎట్టుంది బావా?"

"ఇప్పుడు పర్లేదురా. నువ్వు తోడొచ్చావు గదా" అని అన్నయ్య స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.